మెట్టు దిగని మహానుభావుడు

మనిషి కన్నా రోబో అన్ని విధాలా గొప్పదని ఇవాళ సాక్ష్యాధారాలతో సహా నిరూపించబోతున్నాను. నవ్వదలచుకున్న వాళ్ళు ఇప్పుడే నవ్వేసి, మూతి తుడుచుకుని కూర్చోండి. మధ్యలో నవ్వితే నాకు ఒళ్ళు మండుతుంది.

నేను మాట్లాడుతున్నది ఏదో అల్లాటప్పా రోబో గురించి కాదు. స్విమ్మింగ్ పూల్ కడిగే రోబో గురించి. మా అపార్ట్‌మెంట్లలో తొంభై ఆరు ఫ్లాట్లు, రెండు లిఫ్టులు, ఒక పూల్, ఒక కమిటీ ఉన్నాయి. వీటిలో లిఫ్టులు అప్పుడప్పుడూ పనిచేస్తాయి. కమిటీకి నేను సెక్రటరీని.

మూడు నెలల కిందటి వరకూ మా పూల్‌ని, చెప్పుకుంటే సిగ్గుచేటు, ఒక మనిషి కడిగేవాడు! రెండు చేతులు, రెండు కాళ్ళు, మధ్యమధ్యలో కాస్త దగ్గు ఉన్న మామూలు మనిషి. భుజం మీద ఎప్పుడూ ఒక పొడుగాటి గెడ, దాని చివర బ్రష్షు ఉండేవి. అందుకని అందరం గెడ బాబాయి అనేవాళ్ళం. అసలు పేరేమిటని పంతొమ్మిదేళ్ళలో ఎవరూ అడిగిన పాపాన పోలేదు. రిజిస్టరులో కూడా ‘గెడ’ అనే ఉండేది.

మా పూల్ సంగతి కొంచెం చెప్పాలి. ఒక మూల నాలుగు మెట్లు. అవి దిగితే నడుము లోతు నీళ్ళు. అక్కడి నుంచి అడుగు ఏటవాలుగా కిందికి పోయి, అవతలి గోడ దగ్గరికి చేరేసరికి మనిషి మునిగే లోతవుతుంది. మెట్లు, ఏటవాలు, ఆ రెండింటి మీదా పట్టే పాచి. పూల్ కడిగేవాడి ప్రాణానికి ఈ మూడే పరీక్షలు.

ఈ పరీక్షల్ని గెడ బాబాయి ఎంత అనాగరికంగా ఎదుర్కొనేవాడో చూడండి. ఏటవాలు మీది పాచిని గట్టున నిలబడి గెడతో పైనుంచి కిందికి పట్టీలు పట్టీలుగా తోసుకుంటూ వచ్చేవాడు. మెట్ల దగ్గరికి వచ్చాక గెడ పక్కన పెట్టి, ప్యాంటు మోకాళ్ళ పైకి మడిచి, తానే నీళ్ళలోకి దిగి చేతి బ్రష్షుతో రుద్దేవాడు. రుద్దాక ప్రతి మెట్టు మీదా ఒట్టి కాలి మడమ ఆనించి గట్టిగా ఒక్కసారి తిప్పేవాడు. కిర్రుమంటే శుభ్రమైనట్టు. కిర్రుమనకపోతే మళ్ళీ రుద్దుడే!

నీళ్ళ అడుగున కిర్రుమనే చప్పుడు ఎలా వినబడుతుందయ్యా అని ఒకసారి నిలదీశాను.

“చెవికి కాదు సార్, మడమకి వినబడుతుంది” అన్నాడు.

విన్నారా! ఈ కాలంలో, ఈ నాగరిక ప్రపంచంలో, ఒక సెన్సర్ లేదు, ఒక సాఫ్ట్‌వేర్ లేదు. మడమ! పైగా పంతొమ్మిదేళ్ళుగా అదే మడమ. ఒక్క అప్‌డేట్ కూడా లేదు.

దురదృష్టం ఏమిటంటే, ఆ మడమని నమ్ముకున్న మనిషి మా ఇంట్లోనే ఒకరున్నారు. మా అక్కయ్య. ముప్పై నాలుగేళ్ళు బోర్డు ముందు నిలబడి పిల్లలకి లెక్కలు చెప్పిన టీచరు. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయ్యాక నేనే తీసుకొచ్చి ఇంట్లో పెట్టుకున్నాను. “రోజూ అరగంట నీళ్ళలో నడవండి. మూడు నెలల్లో ఈ చేతికర్ర పక్కన పడేస్తారు. నడవకపోతే మాత్రం ఇక కర్రే గతి” అన్నాడు డాక్టరు. అక్కయ్య ఆ సాయంత్రమే గోడ మీది క్యాలెండరు దగ్గర ఒక పెన్సిలు కట్టింది. నీళ్ళలో నడిచిన రోజుకి ఒక గీత. తొంభై గీతలు పూర్తయిన రోజున కర్రని విరిచి పారేస్తానని మా ఆవిడతో పందెం కూడా వేసింది.

పొద్దున్నే ఏడింటికి కర్రని గట్టున ఆనించి, ఉక్కు కమ్మీ పట్టుకుని, దిగబోయే ముందు అడిగేది.

“ఏం బాబాయ్, కిర్రుమందా?”

“కిర్రుమందమ్మా, దిగండి.”

పైకి వచ్చాక ఇవాళ ఎన్నో గీతో చెప్పేది. ఇద్దరి మధ్యా అంతకు మించి మాటలుండేవి కావు. నలభై రోజులు ఇదే తంతు నడిచింది, నలభై గీతలు పడ్డాయి. ఇంత వెనకబాటుతనాన్ని బాధ్యత గల కమిటీ ఏదైనా ఎంతకాలమని సహిస్తుంది?

ఆ దేవుడే పంపినట్టు ఒకనాడు మా వాట్సాప్ గ్రూపులోకి ఒక ఫొటో వచ్చింది. పంపినది మూడో అంతస్తు బాల్కనీ ఆయన. రిటైరయ్యాక ఆయన ఫోనులో జూమ్ చెయ్యడం తప్ప మరో పని పెట్టుకోలేదు కాబట్టి జూమ్ గారని పిలుస్తాం. ఫొటోలో మా పూల్ నాలుగో మెట్టు మూల, అరచేతి మేర పచ్చగా పాచి. దాని చుట్టూ ఎర్ర సున్నా. కింద, ‘నాలుగో మెట్టు మూల చూడండి! మనిషి పని ఇంతే!’ అని రాత.

ఆ ఫొటో కింద మొదటి బొటనవేలు నాదే. సెక్రటరీ అన్నవాడు చురుగ్గా ఉండాలి కదా! నా వెనకాల మరో ముప్పై ఎనిమిది బొటనవేళ్ళు లేచాయి. పూల్‌లో ఏనాడూ కాలి బొటనవేలు కూడా పెట్టని వాళ్ళు చేతి బొటనవేళ్ళు మాత్రం తడుముకోకుండా పెట్టేశారు.

గెడ బాబాయిని పిలిచి సంజాయిషీ అడిగాం.

“అక్కడ టైలు చిట్లింది సార్. ఆ పగుల్లోకి పాచి పాతుకుపోయింది. పైన ఎంత గీకినా రెండో రోజుకి మళ్ళీ వచ్చేస్తుంది. టైలు మార్చాలి. ఏడాదై మీకు చెబుతూనే ఉన్నాను.”

చెబుతూనే ఉన్నాడు, కాదనను. నేను కూడా చెప్పిన ప్రతిసారీ ఫైల్లో ‘పరిశీలనలో ఉంది’ అని రాస్తూనే ఉన్నాను. ఎవరి పని వాళ్ళు శ్రద్ధగా చేస్తున్నప్పుడు తప్పు ఎవరిదని చెప్పగలం? అందుకని గెడ బాబాయిదని నిర్ణయించాం.

ఆ ఆదివారమే రోబో కంపెనీ నుంచి ఒక సేల్స్ కుర్రాడు వచ్చాడు. మెడలో టై, చేతిలో లాప్‌టాప్. వీడియో వేశాడు. అందులో పూల్ అద్దంలా ఉంది, నేల పలకలా చదునుగా ఉంది. రోబో ఆ చివర నుంచి ఈ చివరకి పెళ్ళికొడుకులా నడిచి వచ్చింది. నేను ఊరుకునే రకాన్ని కాదు. చెయ్యెత్తి, “మరి మెట్ల సంగతేమిటి?” అన్నాను.

“చాలా మంచి ప్రశ్న సార్!” అంటూ తర్వాతి స్లైడుకి వెళ్ళాడు.

“ఏటవాలు?” అన్నారు ప్రెసిడెంటు గారు.

“ఇది ఇంకా మంచి ప్రశ్న సార్!”

“పాచి?”

“ఇంత లోతుగా ఆలోచించే కమిటీని నా సర్వీసులో చూడలేదు సార్.”

మాకు అంతకన్నా ఏం జవాబు కావాలి? అయిదుగురం ఒకరి మొహాలొకరం చూసుకుని ఉబ్బిపోయాం. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. ఇక గెడ బాబాయికి ఆ ముక్క మొహం మీద చెప్పాలి. పంతొమ్మిదేళ్ళు పనిచేసిన మనిషికి మొహం మీద చెప్పడం కష్టమని, నాగరికులు చేసే పనే నేనూ చేశాను. నోటీసు రాశాను.

నాకు భాష మీద కాస్త మమకారం ఎక్కువ. ‘నాచు’ అని రాస్తే నోటీసుకి నిండుదనం రాదనిపించింది. ‘పాచి’ అంటే ఆ బరువే వేరు. అందుకని పెద్ద అక్షరాలతో ఇలా రాసి గేటు దగ్గర బోర్డుకి అంటించాను: ‘సోమవారం నుండి పాచి పనికి మనుషులు రానవసరం లేదు. సదరు పనిని ఇకపై రోబో నిర్వహించును.’

మీరు ముందే పసిగట్టేశారు. మీకేం, ఒడ్డున కూర్చున్నారు కాబట్టి ఎన్నైనా పసిగడతారు!

మా వాచ్‌మన్ అక్షరం పొల్లుపోకుండా ఆజ్ఞ పాటించే రకం. సోమవారం పొద్దున ఆరింటికల్లా గిన్నెలు తోమేవాళ్ళనీ, ఇళ్ళు తుడిచేవాళ్ళనీ, మొత్తం ముప్పై మందిని గేటు బయట నిలబెట్టేశాడు. “పాచిపనికి ఇక మనుషులు అక్కర్లేదట. రోబో వచ్చిందట. సెక్రటరీ గారే స్వయంగా రాశారు, చదువుకోండి” అని కర్ర అడ్డం పెట్టాడు.

ఏడింటికి తొంభై ఆరు ఇళ్ళలో సింకులు నిండాయి. ఏడున్నరకి గ్రూపులో యుద్ధం మొదలైంది. ప్రెసిడెంటు గారి శ్రీమతి తమ ఇంటి అంట్లన్నీ ఒక టబ్బులో పెట్టించి పూల్ గట్టుకి పంపించారు. మా ఆవిడ నన్ను రెక్క పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్ళింది.

“ఏదీ, పిలవండి మీ రోబోని. పాల గిన్నె మాడింది. తోముతుందో, నాకుతుందో నేనూ చూస్తాను.”

“అది ఆ పాచి కాదే, ఇది వేరే పాచి!”

“మీ మాటలకి పట్టింది పాచి! ముందు వెళ్ళి గేటు తీయించండి.”

ఎనిమిదింటికల్లా నోటీసు చింపేశాం. ముప్పై మందినీ బతిమాలి లోపలికి తీసుకొచ్చాం. ప్రెసిడెంటు గారు స్వయంగా గేటు తెరిచి పట్టుకున్నారు. ఇళ్ళలో గిన్నెలు ఆగితే కమిటీలో ఎంత చలనం వస్తుందో ఆ రోజు నాకు అర్థమైంది.

ఆ నోటీసు నిజంగా ఎవరికోసం రాశానో ఆ మనిషి కూడా ఆ పొద్దున్నే వచ్చాడట. ఆగి రెండుసార్లు చదువుకున్నాడట. ఆయనకి ఏ అనుమానమూ రాలేదు. గెడని వాచ్‌మన్ గది గోడకి ఆనించి, చేతి బ్రష్షు దాని పక్కన పెట్టి వెళ్ళిపోయాడు. ఆయన్ని వెనక్కి పిలవమని ఏ ఇంటి నుంచీ ఫోను రాలేదు.

ఇక మహానుభావుడి విషయానికి వద్దాం. రోబో దిగింది. దానికి ఏం పేరు పెట్టాలని గ్రూపులో ఓటింగు పెట్టాం. ‘జలరాజు’ గెలిచింది. మొదటి రోజు నుంచే అందరూ ‘జలరాజు గారు’ అనడం మొదలుపెట్టారు. పంతొమ్మిదేళ్ళు పనిచేసినా గెడ బాబాయికి అంటని ‘గారు’ దీనికి ప్యాకింగు విప్పకముందే అంటుకుంది. అదే మరి హోదా అంటే!

జలరాజు గారి మొదటి సుగుణం: మెట్ల జోలికి పోరు. అడుగున నడుచుకుంటూ వచ్చి నాలుగో మెట్టుకి ముక్కు తగలగానే ఆగుతారు. కాసేపు గుర్రుమంటారు. వెనక్కి తిరిగి వెళ్ళిపోతారు. ఒక్కసారి మాత్రం పొరపాటున ముందు చక్రాలు మెట్టు మీదికి ఎక్కించారు. వెనక భాగం గాల్లోకి లేచినట్టు లేచి ఇరుక్కుపోయి, రెండు గంటలు చక్రాలు ఊరికే తిప్పుకుంటూ ఉండిపోయారు. మేమంతా గట్టున చేతులు కట్టుకుని నిలబడ్డాం.

“ఆలోచిస్తోంది” అన్నారు ప్రెసిడెంటు గారు మెల్లగా.

ఎంత తేడా! ఇదే గట్టు మీద గెడ బాబాయి దగ్గు తెర ఆగేదాకా రెండు నిమిషాలు కూర్చుంటే జూమ్ గారు ‘పని వేళల్లో విశ్రాంతి’ అని ఫొటో పెట్టేవారు. యంత్రం రెండు గంటలు కదలకపోతే ఆలోచన, మనిషి రెండు నిమిషాలు కదలకపోతే సోమరితనం. ఈ సూక్ష్మం తెలియనివాళ్ళు కమిటీల్లో పనికిరారు.

రెండో సుగుణం: ఏటవాలు మీద వారి వినయం. దిగడం హాయిగా దిగుతారు. ఎక్కడం దగ్గరికి వచ్చేసరికి చక్రాల కింద పాచి ఉంటుంది కదా, మూరెడు ఎక్కి బారెడు జారతారు. మళ్ళీ మూరెడు, మళ్ళీ బారెడు. చివరికి అవతలి గోడ దగ్గర, అన్నిటికన్నా లోతైన చోట స్థిరపడ్డారు. రోజంతా అక్కడే పది గజాల మేర రుద్దిందే రుద్దుతారు. ఆ పది గజాలూ నిజంగానే తళతళలాడేవి, అక్కడికి ఎవరూ వెళ్ళరు కాబట్టి చూసినవాళ్ళు లేరు.

మూడోది అన్నిటికన్నా గొప్పది. పాచి విషయంలో వారిది సమానత్వ దృష్టి. తిరిగే బ్రష్షుతో పాచిని పొడిపొడిగా లేపుతారు. ఆ పొడి ముందు నుంచి సంచిలోకి వెళ్ళి, సంచి కన్నాల్లోంచి వెనక నుంచి బయటికి వస్తుంది. గెడ బాబాయి హయాంలో ఒక్క నాలుగో మెట్టు మూలకి అణగిమణగి ఉన్న పాచి రెండు వారాల్లో పూల్ నలుమూలలకీ చేరింది. నీళ్ళు లేత పచ్చగా మారాయి. ‘ప్రకృతికి దగ్గరగా ఉంది’ అని గ్రూపులో ఒకావిడ మెచ్చుకున్నారు.

ఇంత చేసి, రోజూ పొద్దున ఏడింటి ప్రాంతంలో జలరాజు గారు నా ఫోనుకి ఒక రిపోర్టు పంపేవారు. టింగుమని మోగేది. తెరిస్తే పూల్ పటం, దాని మీద ఆకుపచ్చ అక్షరాల్లో ‘క్లీనింగ్ పూర్తి: 100 శాతం.’ నేను ఆ పటాన్ని శ్రద్ధగా చూశాను. అందులో మెట్లున్న మూల లేదు. ఆ మూలని నున్నగా కోసేసి గోడ గీసేశారు. తాను వెళ్ళలేని చోటు తన పటంలోనే ఉండదు! ఎంత మనశ్శాంతి! నా ఉద్యోగకాలంలో నాకు ఈ కిటుకు తెలిసి ఉంటే ఎక్కడికో వెళ్ళిపోయేవాణ్ణి.

అక్కయ్యకి మాత్రం నచ్చలేదు. గెడ బాబాయి వెళ్ళిన మర్నాడే అడిగింది.

“మెట్లు ఎవరు రుద్దుతున్నార్రా?”

“జలరాజు గారు చూసుకుంటారక్కా.”

“కిర్రుమందా?”

“కాలం మారిందక్కా. ఇప్పుడు కిర్రుమనదు. టింగుమంటుంది. ఇదిగో చూడు, వంద శాతం!”

“వందకి వంద వేసుకున్న పేపరు నేనెప్పుడూ నమ్మలేదురా. రెండోసారి దిద్దేదాన్ని” అంది. కానీ నా చేతిలో ఫోను ఉంది, నా మొహంలో ధీమా ఉంది. తమ్ముడి మాట మీద కమ్మీ పట్టుకుని దిగింది. అలా ఇరవై రోజులు దిగింది. అరవై గీతలు పడ్డాయి.

అరవై ఒకటో రోజున రెండో మెట్టు మీద ఆవిడ కాలు జారింది.

వ్యంగ్యం ఒక్క నిమిషం పక్కన పెడతాను. నేను గట్టు మీదే ఉన్నాను. చేతిలో ఆ రోజు రిపోర్టు ఉంది. ఆవిడ అరవలేదు, “ఒరేయ్” అని మాత్రం అంది, అంతే, చెయ్యి మెట్టు అంచుకి కొట్టుకుని పక్కకి పడిపోయింది. చెప్పులతోనే నీళ్ళలోకి దూకాను. ఆ మెట్టు మీద నా కాలు కూడా నిలవలేదు. సబ్బు రాసినట్టుంది. ఆవిడ తలని నీళ్ళపైకి ఎత్తి పట్టుకుని వాచ్‌మన్ కోసం అరిచిన ఆ అర నిమిషంలో నాకు పట్టిన భయం ఇంకా వదల్లేదు.

తుంటి నిలిచింది, అదృష్టం. మణికట్టు విరిగింది. అంతకన్నా పెద్దది మరొకటి విరిగింది. అక్కయ్య నీళ్ళ వైపు చూడటం మానేసింది. పూల్ కనబడే కిటికీకి కర్టెను వేయించుకుంది. క్యాలెండరు దగ్గర పెన్సిలు అలాగే వేలాడుతూ ఉండిపోయింది. పదిహేను రోజుల తర్వాత డాక్టరు నన్ను పక్కకి పిలిచి, ఇంకో నెల ఇలాగే కూర్చుంటే కాలికి వచ్చిన పట్టు పోతుందని, ఇక కర్ర వదలదని చెప్పాడు.

కమిటీ ఊరుకుంటుందా? విచారణ జరిపింది. జలరాజు గారి పటాన్ని గోడ మీద పెద్దగా వేసి చూశాం. ప్రెసిడెంటు గారు కళ్ళజోడు సవరించుకుని అన్నారు, “పటం ప్రకారం మన పూల్‌లో మెట్లు లేవు. లేని మెట్ల మీద ఎవరైనా ఎలా జారతారు?”

అందరూ తలలు ఊపారు. అయినా కమిటీది జాలిగుండె కాబట్టి ఇక మీదట ఎవరూ పడకుండా శాశ్వత పరిష్కారం ఆలోచించాం. మెట్లు కూలగొట్టేస్తే మెట్ల సమస్య ఉండదు. ఏటవాలుని పూడ్చి చదును చేస్తే జలరాజు గారికి జారే అవస్థ తప్పుతుంది. జూమ్ గారు మరో అడుగు ముందుకేసి, అసలు నీళ్ళు తోడేస్తే పాచే పట్టదని ప్రతిపాదించారు. ఎంత అందమైన దృశ్యమో ఊహించుకోండి! మెట్లు లేని, వాలు లేని, నీళ్ళు లేని పూల్‌లో జలరాజు గారు ఆ గోడ నుంచి ఈ గోడకి నిరాటంకంగా తిరుగుతూ ఉంటారు. అప్పుడు వంద శాతానికి నిజంగానే తిరుగుండదు.

తీర్మానం రాసే పని నాది. కూలగొట్టే ముందు కొలతలేమైనా ఉన్నాయేమోనని జలరాజు గారితో వచ్చిన పుస్తకం మొదటిసారి తెరిచాను. పదకొండో పేజీ అడుగున చీమ తలకాయంత అక్షరాలతో ఇలా ఉంది: ‘మెట్లు, ఏటవాలు ప్రదేశాలు, నాచు పట్టిన భాగములను ముందుగా చేతితో శుభ్రము చేయవలెను.’

అక్కయ్య దగ్గరికి పట్టుకెళ్ళి చదివి వినిపించాను. ఈ దిక్కుమాలిన మిషన్‌ని తిప్పి పంపించేస్తానని, కంపెనీ వాళ్ళని కడిగేస్తానని ఎగిరాను.

“చేతితో అంటే ఎవరి చేత్తోరా?” అంది.

నేను పుస్తకంలో ఆ పేజీ మళ్ళీ తిరగేశాను.

“పాపం దాన్నెందుకు ఆడిపోసుకుంటావు? నాకు మెట్లు రావు, వాలు రాదు, పాచి రాదు అని అది మొదటి రోజే పుస్తకం రాసి మీ చేతికిచ్చింది. రావని ఒప్పుకున్నదానికేమో గారు తగిలించారు. వచ్చినవాణ్ణేమో బోర్డు రాసి గేట్లోంచి పంపించేశారు. ఆ రోజు నాతో టింగుమందని చెప్పింది అది కాదురా. నువ్వు.”

ముప్పై నాలుగేళ్ళ టీచరు కదా, తప్పు ఎక్కడ జరిగిందో సరిగ్గా అక్కడే ఎర్రగా సున్నా చుడుతుంది.

మర్నాడు గెడ బాబాయిని వెతుక్కుంటూ వెళ్ళాను. రెండు వీధుల అవతల ఒక స్కూల్లో పిల్లల పూల్ కడుగుతున్నాడు. మెట్టు మీద మడమ తిప్పుతూ కనిపించాడు. నేను భాష మీద ఏ మమకారమూ చూపకుండా మామూలు మాటల్లో, తప్పయిపోయిందని, వెనక్కి రమ్మని అడిగాను.

“రాలేను సార్. ఇక్కడ పిల్లలు మెట్ల మీదే పరిగెడతారు. వదిలేస్తే ఎలా?” అన్నాడు. కోపంగా అనలేదు. అదే నాకు కష్టంగా తోచింది. “అక్కగారు ఎలా ఉన్నారు? ఎన్ని గీతలైనాయి?”

“అరవై. అక్కడే ఆగిపోయాయి.”

ఆయన బ్రష్షు కింద పెట్టాడు. “చెప్పులు విప్పి ఇలా దిగండి సార్. చూపిస్తాను. నాలుగే మెట్లు, మీకు రాకపోవడమేమిటి?”

ఆ పూట నేర్చుకున్నాను. పై మెట్టుతో మొదలుపెట్టి కిందికి రావాలి. అంచుల్ని అడ్డంగా రుద్దాలి, ముందుకీ వెనక్కీ కాదు. నీళ్ళు పచ్చబడితే ఏ మందు ఎంత వేయాలో, వేశాక ఎన్నాళ్ళు ఆగాలో కాగితం మీద రాసిచ్చాడు. వచ్చేముందు పేరడిగాను. చెప్పాడు. ఇంటికి వచ్చి పాత రిజిస్టరు తీసి ‘గెడ’ అన్న చోట కొట్టేసి ఆ పేరు రాశాను. మెట్లు కూలగొట్టే తీర్మానం పక్కన ‘పరిశీలనలో ఉంది’ అని రాశాను. ఆ మాటని ఇన్నేళ్ళుగా వాడుతున్నాను, ఒక మంచిపనికి వాడటం అదే మొదలు.

మందు వేసిన అయిదో రోజుకి నీళ్ళు తేటపడ్డాయి. ఆ పొద్దున ఆరింటికి గెడ బాబాయి వదిలివెళ్ళిన చేతి బ్రష్షు తీసుకుని, ప్యాంటు మడిచి, నేను నీళ్ళలోకి దిగాను. సెక్రటరీ గారు, పాచిపనికి! వాచ్‌మన్ చూసి చూడనట్టు అటు తిరిగాడు. గంటసేపు రుద్దాను. మొదటి మెట్టు మీద మడమ తిప్పాను. తెలియలేదు. మళ్ళీ రుద్దాను. మళ్ళీ తిప్పాను. అప్పుడు వినబడింది, నిజంగానే మడమకి.

ఏడింటికి అక్కయ్య వచ్చింది. నేను పిలవలేదు. కిటికీ కర్టెను తీసి చూసిందట. కట్టు వేసిన చేతికి ప్లాస్టిక్ కవరు చుట్టి, రెండో చేత్తో కమ్మీ పట్టుకుంది. కర్ర గట్టున ఆనించి ఉంది.

“కిర్రుమందా?” అంది.

“మూడు కిర్రుమన్నాయి. నాలుగోది మూల తప్ప కిర్రుమంది. ఆ మూల టైలు చిట్లిందక్కా.”

“తెలుసు. ఏడాదిగా పరిశీలనలో ఉంది కదా” అని, కాలు పెట్టింది.

ఒక మెట్టు. రెండోది. ఆ రెండో మెట్టు మీద నా భుజం గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకుని నిలబడింది. తర్వాత మూడోది, నాలుగోది. నీళ్ళలోకి దిగి నాలుగడుగులు వేసి, “క్యాలెండరు మీద గీత నువ్వు కొట్టకు, నేనే కొట్టుకుంటాను” అంది. నేను మొహం తిప్పుకుని ఆ చిట్లిన టైలు మూల గీకుతూ కూర్చున్నాను. ఎంత గీకినా పచ్చదనం పోలేదు.

అప్పుడే గట్టు మీద నా ఫోను టింగుమంది. జలరాజు గారు అవతలి లోతులో నుంచి పంపిన రిపోర్టు, వంద శాతం. వెంటనే మళ్ళీ మోగింది. ఈసారి గ్రూపు. అక్కయ్య వెంట వచ్చి గట్టున నిలబడ్డ మా ఆవిడ తీసి చదివింది. మూడో అంతస్తు నుంచి ఫొటో. నీళ్ళలో వంగి ఉన్న నా వీపు, నా చేతిలో బ్రష్షు, నాలుగో మెట్టు మూల చుట్టూ ఎర్ర సున్నా. కింద రాత: ‘మూల చూడండి! మనిషి పని ఇంతే. ఎంతైనా జలరాజు గారు జలరాజు గారే!’

అప్పటికే ముప్పై ఎనిమిది బొటనవేళ్ళు లేచాయట. ఎప్పుడూ ముప్పై తొమ్మిది వచ్చేవి కదా, ఒకటి తగ్గిందేమిటని మా ఆవిడ అడిగింది.

తగ్గింది నాది. అది పాచిలో ఉంది.